నూకరత్నం లడ్డూల కొండ

నేను ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటాను. ఒక్క గ్రాము తేడా కూడా కడుపులో దాచుకోలేను. అదే నా గొప్ప, అదే నా పాపం. మొదట ఒక మూలికల కొట్టులో శొంఠీ పిప్పళ్లూ తూచాను. అది మూతపడ్డాక మండపేటలో పేరయ్యగారి మిఠాయి దుకాణానికి చేరాను.

అక్కడ లడ్డూలు చుట్టేది నూకరత్నం. పంతొమ్మిదేళ్లుగా అదే పీట, అదే చెయ్యి. లడ్డూ యాభై గ్రాములుండాలని దుకాణం నియమం. ఆవిడ మాత్రం నన్ను అడిగేది కాదు, అరచెయ్యే ఆవిడ కొలత. నాకు కాస్త ఉక్రోషంగానే ఉండేది.

ఒకరోజు పెళ్లివారి తరఫు పెద్దమనిషి ఒక లడ్డూ తెచ్చి నా మీద పెట్టాడు. నలభై నాలుగు. ఉన్నదే చూపించాను. ఆయన వెళ్లగానే పేరయ్యగారు వంటగదిలోకి వచ్చారు.

"చెయ్యి తప్పుతోంది నూకరత్నం. లడ్డూలు చుట్టే మిషను తెప్పిస్తాను. రేపట్నుంచి రావక్కర్లేదు."

ఆవిడ తన అరచేతి వంక చూసుకుంది. నాకు అక్కడే పగిలిపోవాలనిపించింది.

పేరయ్యగారి కూతురు, కాకినాడలో స్టాటిస్టిక్స్ చదివే హిమజ, సెలవులకు వచ్చి ఉంది. "ఒక్క లడ్డూతో మనిషిని తూచేస్తారా నాన్నగారూ?" అంటూ ఆవేళ చుట్టిన నూట ఇరవై లడ్డూలనూ ఒక్కొక్కటే నా మీదకెక్కించింది. ఒకే బరువున్నవి పొడుగు బల్ల మీద ఒకే వరుసలో పేర్చింది. యాభై వరుస అన్నిటికన్నా పొడుగ్గా సాగింది. అటూ ఇటూ వరుసలు మెల్లగా కురచయ్యాయి. కుడి చివర యాభై ఆరు ఒంటరిగా మిగిలింది. పెళ్లివారి నలభై నాలుగును ఎడమ చివర పెట్టేసరికి బల్ల మీద పసుపు పచ్చని కొండ తయారైంది.

"జీడిపప్పు ఎక్కువ పడితే బరువు పెరుగుతుంది. చెయ్యి చెమ్మగిల్లి బూందీ అంటుకుంటే తగ్గుతుంది. ఒకటి అటు లాగితే ఒకటి ఇటు. అన్నీ కలిసి ఒకే వైపు లాగేది ఎప్పుడో ఒకసారి. ఆ ఒకసారే మీకు కనబడింది. నిజంగా చెయ్యి తప్పితే కొండంతా పక్కకు జరిగేది కదా!"

పేరయ్యగారు ఒప్పుకోలేదు. పీట మీద తనే కూర్చుని, చుట్టిన ప్రతి లడ్డూనూ తూచి, చిదిమి, అతికించి, ముప్పై లడ్డూలు సరిగ్గా యాభైకి తెచ్చారు. ఈలోగా పాకం ఆరి మిగతా బూందీ పళ్లెంలోనే రాయిలా బిగిసిపోయింది.

ఆయన మెల్లగా లేచారు. "నీ పీట నీదే, రత్నం."

"ఆయ్, ముందు ఆ పళ్లెం నానబెట్టనివ్వండి బాబుగారూ," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత నలభై నాలుగును రెండు ముక్కలు చేసి సగం హిమజకిచ్చింది. "ఇదీ నా చేతిదేనండి, అమ్మాయిగారూ."

ఇప్పుడు నా అంకెల్లో సగం వెలగవు. నన్ను ఆవిడ పీట పక్కనున్న గూట్లో పెట్టేశారు. ఆరోజు ఆవిడ పని ఊడగొట్టబోయింది నేనే. అయినా రోజూ బూందీ ముట్టుకునే ముందు ఆవిడ నన్ను కొంగుతో తుడుస్తుంది.