అంటుకున్న చీటీలు

నిజాం సర్కారు ఆ ఏడు కొత్త శాసనసభలో చేతిపనుల వాళ్లకూ ఒక సీటు ఇచ్చింది. గద్వాలలో నూలు ఇచ్చి, తాను చెప్పిన ధరకే చీరలు నేయించుకునే సావుకారు రామచంద్రయ్య దానికి నిలబడ్డాడు. ఎదురు నిలిచే దమ్ము నేతగాళ్లలో మార్కండేయ ఒక్కడికే ఉంది. నిలబడ్డాడు, ఆరు ఓట్లతో ఓడాడు.

ఓటమి ఒప్పుకుంటే అతను మార్కండేయే కాదు. కాలుగాలిన పిల్లిలా తహసీలు కచేరీ చుట్టూ తిరిగాడు. ఓటేసిన వాళ్ల కన్నా లెక్కకొచ్చిన చీటీలు పద్నాలుగు తక్కువని పట్టుకున్నాడు. ఎందుకు తగ్గాయో కూడా అతనికే తట్టింది. ఆ రోజు నేతగాళ్లంతా వీధిలో పడుగులకు గంజి పెడుతూ, ఆ చేతులతోనే వచ్చి ఓటేశారు. మడిచిన చీటీలు పెట్టెలో ఒకదాని వీపుకొకటి అతుక్కుని ఉంటాయి. గంజి చేతులు మనవాళ్లవి కాక ఇంకెవరివి? ఆ పద్నాలుగూ తనవేననుకున్నాడు.

తహసీల్దారు విసుక్కుంటూనే మళ్లీ లెక్కకు ఒప్పుకున్నాడు. గుమాస్తా తడిగుడ్డ అద్ది మొదటి జంటను విడదీశాడు. పైది సావుకారుది, కిందిదీ సావుకారుదే. రెండో జంటా అంతే. మార్కండేయ కూర్చోలేక లేచాడు, నిలవలేక కిటికీ దాకా పోయొచ్చాడు. ఐదోది విడగానే గుమాస్తా చేతికి అడ్డుపడ్డాడు.

"చాలు సాబ్, ఇగ ఆపుండ్రి. ఓడిపోయిన్నని రాసిస్త."

నువ్వడిగిన లెక్కే కదా, నిలబడి చూడమన్నాడు తహసీల్దారు.

పద్నాలుగులో పన్నెండు సావుకారువే. రామచంద్రయ్య నవ్వనైనా నవ్వలేదు. "మీవోళ్లను జర పరేషాన్ చెయ్యకు మార్కండేయా. పాపం, కడుపు కోసం ఏసిండ్రు" అని కండువా దులుపుకుని పోయాడు.

పొద్దు వాలేలోగా వీధి వీధంతా మార్కండేయ గడప తొక్కింది. ఒక్కొక్కడూ పిల్లల మీద ఒట్టేసి మరీ నీకే వేశానన్నాడు. అందులో సగం నిజమైనా గెలిచి ఉండేవాడు. పక్కింట్లోనే ఉండి, ఎన్నికల్లో తన వెంటే తిరిగిన బామ్మర్ది శ్రీరాములు మాత్రం రాలేదు.

ఉండబట్టలేక మార్కండేయే పోయాడు. శ్రీరాములు మగ్గం గుంటలో ఊరికే కూర్చుని ఉన్నాడు.

"అందరొచ్చిండ్రు. నువ్వెందుకు రాలేదురా?"

"వచ్చి ఏం చెప్పాలె బావా? సావుకారుకే ఏసిన. మగ్గం మీదున్న నూలు ఆయనది."

మార్కండేయ చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో తెలియక గోడకు ఆనించి, అక్కడే కూలబడ్డాడు. ఇంకెవరెవరు వేశారని అడిగాడు.

"నాది చెప్పిన గద బావా. పక్కోనిది నన్నడగకు."

శ్రీరాములు నేయడానికి నాడె అందుకున్నాడు. మార్కండేయ లేవలేదు. వీధిలో ఒక్కో ఇంటి పేరూ పైకి చదువుతూ, బామ్మర్ది ముఖంలోకి చూస్తున్నాడు.