గిలక నడుముకు కట్టిన పెట్టె

కూతురు ఆటలకు పనికిరాదని ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టమన్నారు. గడియారాలు బాగుచేసే ఆ తండ్రి జేబులోంచి కలమైతే తీశాడు గానీ, మూత తీయడానికి చెయ్యి రాలేదు.

బడి ఆఫీసు గది అది. బల్లకు అటువైపు డ్రిల్లు మాస్టారు, ఇటువైపు అతను, పక్కన బట్టలు కుట్టే అతని భార్య. గోడకు ఆనుకుని తొమ్మిదేళ్ల కూతురు. మెలకువగా ఉన్నంతసేపూ తిరుగుతూ, చప్పుడు చేస్తూ ఉంటుందని ఇంట్లో దాన్ని గిలక అంటారు.

సంగతేమిటంటే, పిల్లల్లో చురుకుదనం పుట్టుకతో ఎంత వస్తుందో, పెరిగే చోటును బట్టి ఎంత వస్తుందో చూద్దామని ఎవరో పరిశోధకులు వచ్చారు. తరగతిలో నలభై ఇద్దరి నడుములకూ అడుగులు లెక్కపెట్టే చిన్న పెట్టెలు వారంపాటు కట్టారు. గిలక అంకె అందరికన్నా అట్టడుగున తేలింది. పరిశోధకులు ఇంకా ఏమీ తేల్చలేదు. మాస్టారు మాత్రం తేల్చేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! అడుగున ఉన్న పిల్లలకు ఇకమీదట ఆటల పీరియడు ఉండదట, ఆ గంట లెక్కల క్లాసులో కూర్చోవాలట.

"రక్తంలో ఉండాలండీ. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా? మీరేమో పొద్దస్తమానం స్టూలు మీద, ఆవిడేమో మిషను మీద. పిల్లకి కాళ్లాడమంటే ఎలా ఆడతాయి?" అన్నాడు మాస్టారు.

"మేం కూర్చునేది పొట్టకోసమండీ, వంశాచారం కాదు" అంది భార్య.

"ఆ వారమంతా ఆటల పీరియడులో కూడా గోడ నీడన కదలకుండా కూర్చుందమ్మా. నా కళ్లారా చూశాను."

తండ్రికి నమ్మబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగాడు. "ఎందుకు కూర్చున్నావే?"

"పెట్టె అదిరితే లోపల పాడవుతుందని నువ్వే అన్నావుగా నాన్నా."

నిజమే, ఆ మాట తండ్రే అన్నాడు. పెట్టె ఇంటికి వచ్చిన రోజు దానితోపాటు ఓ చీటీ కూడా వచ్చింది, పగిలితే తల్లిదండ్రులదే బాధ్యత అని. అతను అలవాటు కొద్దీ కంటికి అద్దం పెట్టుకుని పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సున్నితమైన సరుకు. నిండుగిన్నె మోస్తున్నట్టు నడువు తల్లీ" అన్నాడు. భార్య కూడా తలూపింది. పిల్ల ఆ మాట జవదాటలేదు. అదిరితేనే లెక్కపెట్టే పెట్టెను అదరనివ్వద్దన్న మహానుభావుడు లోకంలో అతనొక్కడే. ఇరవయ్యేళ్ల పనితనం సొంత కూతురి కాళ్లు కట్టేసిందని తెలిసి అతనికి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే కోపమూ వచ్చింది.

"తప్పు నాది మాస్టారూ. దాని రక్తానిది కాదు" అని జరిగింది చెప్పాడు.

"ఇలాంటి సాకులు చాలా విన్నానండీ. అంకె అంకే. సంతకం పెట్టండి."

భార్య లేచి నిలబడింది. "విత్తనం మీద బండ పెట్టింది మేము. బండ తీసి చూడకుండా మొలవలేదంటారేంటి? పెట్టె తెచ్చి కట్టండి. ఇప్పుడే."

మాస్టారు గొణుక్కుంటూనే కట్టాడు. నలుగురూ మైదానంలోకి వెళ్లారు. అక్కడ ఆడుకుంటున్న పిల్లలు ఆగి చూశారు. గిలక పరుగు మొదలుపెట్టింది గానీ, అదేం పరుగు? ఒక చెయ్యి నడుము మీదే ఉంది, పెట్టె ఊగకుండా పట్టుకుని. అలా ఒంటిచేత్తో మలుపు తిరగబోయి కాలు మడతపడి దబ్బున పడింది.

మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. పిల్ల మోకాలి వంక చూడనేలేదు. రెండు చేతులతో పెట్టెను తడుముకుంది. పైమూత పగిలింది. తలెత్తి తండ్రి వైపు చూసిన ఆ చూపు అతని గుండెలో గుచ్చుకుంది. దెబ్బ తగిలిన పిల్ల చూసే చూపు కాదది, తప్పు చేసి దొరికిపోయిన చూపు.

"అయ్యయ్యో, పెట్టె!" అన్నాడు మాస్టారు.

"పోతే పోనివ్వండి!" తండ్రి అరిచాడు. తన గొంతు అంత పెద్దదని అతనికే తెలియదు. "చెయ్యి తియ్యవే! అది ముక్కలైనా సరే, నేను చూసుకుంటా. లే, పరిగెత్తు!"

గిలక లేచింది. నడుము మీద చెయ్యి తీసింది. మోకాలి రక్తం మేజోడులోకి కారుతున్నా లెక్కచెయ్యకుండా పరిగెత్తింది. పగిలిన పెట్టె టకటకా కొట్టుకుంటోంది. ఒక చుట్టు, రెండు చుట్లు. మిగతా పిల్లలు దాని వెంటపడ్డారు. ఎవరూ అందుకోలేకపోయారు. భార్య ఏడుస్తూ నవ్వుతోంది.

నాలుగో చుట్టుకు మాస్టారు ఈల తీశాడు. "సరే సరే, చూశాం కదా. ఇక చాలు, ఆపమనండి."

తండ్రి సంతకంలేని కాగితాన్ని అతని చేతిలో పెట్టాడు.

"మీకు చాలిందేమో మాస్టారూ, దానికింకా చాల్లేదు."