వయసు ఎనిమిది

హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ కార్ఖానాలో పన్ను రిటర్నుల వారం వచ్చిందంటే విదేశీ పనివాళ్ళకి తలా ఒక పూట సెలవు. పేరుకే సెలవు, జీతంలో కోసుకునేదే. ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే అతన్ని అందరూ మామ అంటారు. మామ ఆ పొద్దున గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, పోయిన ఏటి నకలు ముందు పెట్టుకుని కొత్త ఫారం నింపాడు. అక్షరం పొల్లుపోకుండా దింపేశాడు. జీతం కూడా మారి చావదు కనుక దింపడం తేలికే. చివర్న 'నా మీద ఆధారపడినవారు' అనే గడిలో యథాప్రకారం రాశాడు: కూతురు, వయసు ఎనిమిది.

పన్నుల ఆఫీసులో ప్రతి అధికారి ముందూ వచ్చినవాడికో కుర్చీ, పక్కన ఓ నాలుగు ఖాళీ కుర్చీలు ఉంటాయి. అధికారి ఫారం చదవగానే ఆ గడిలో ఉన్నవాళ్ళు, ఏ దేశంలో ఉన్నా సరే, ఉన్నపళంగా వచ్చి వాటిలో కూర్చుంటారు. ఎంతమంది వస్తే అంతమందికే మినహాయింపు. ముద్ర పడగానే వెళ్ళిపోతారు. ఒక గంట పని. కార్ఖానా వంటవాడి పెళ్ళామైతే ఏటా చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ గంటా పిల్లల ఫీజుల గురించి మొగుణ్ణి దులిపి మరీ పోతుంది.

రాసినవాళ్ళు రాసినట్టే వస్తారు. మామ కూతురు పన్నెండు రిటర్నులుగా రెండు జడలతో, ఊడిన ముందు పన్నుతో వచ్చి తండ్రి ఒళ్ళో కూర్చుంటోంది.

"నాన్నా, ఎప్పుడొస్తావ్?"

"వచ్చే ఏడాది తల్లీ."

ఎనిమిదేళ్ళది కనుక ప్రతిసారీ నమ్మేది.

మొదట్లో ఇది పొరపాటే. మొదటి ఫారం నింపి పెట్టిన వంటవాడు, "ఏదీ మార్చకు మామా, మారిస్తే ఫైలు పట్టుకుని ఆర్నెల్లు తిప్పుతారు" అన్నాడు. నాలుగో ఏడు అతనే గుర్తు చేశాడు, "పిల్లకి పదకొండొచ్చాయి కదా, వయసు దిద్దు" అని. "ఎందుకొచ్చిన గొడవలేరా" అన్నాడు మామ. భార్య పోయాక పిల్లని అక్క దగ్గర వదిలి వచ్చినవాడు. కంపెనీ రెండేళ్ళకోసారి ఇంటికెళ్ళడానికి ఇచ్చే టిక్కెట్టుని ప్రతిసారీ డబ్బు కింద మార్చుకుని అక్కకి పంపేశాడు. ఏటా ఒక గంట పిల్ల ఒళ్ళోకే వస్తుంటే ఇక వెళ్ళడమెందుకు? దీన్ని ప్రేమ అనేవాళ్ళు అనొచ్చు. నేను మాత్రం బద్ధకం అంటాను.

ఈ ఏడు కౌంటర్లో కొత్త అధికారిణి కూర్చుంది. పాత ఫారాలన్నీ వరసగా పేర్చుకుంది. పాప అప్పటికే మామ ఒళ్ళో చేరి పెన్ను మూత పీకుతోంది.

"ఈ పాపకి పన్నెండు ఫారాల్లోనూ ఎనిమిదేళ్ళేనా?"

మామ పాప చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టాడు.

"దిద్దండి. లేకపోతే తప్పుడు సమాచారం కింద పర్మిట్ రద్దవుతుంది."

"ఈ ఒక్క పూటకి వదిలేయండి మేడమ్. వచ్చే ఏడు దిద్దుతాను."

"ఇప్పుడే దిద్దండి."

"నాన్నా, ఎప్పుడొస్తావ్?" అంది పాప. మామ దాని తల నిమిరి, ఎనిమిది కొట్టేసి పంతొమ్మిది రాశాడు.

ఒళ్ళో బరువు పోయింది. పక్క కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మెడలో ఏదో బట్టల కొట్టు కార్డు, చేతిలో సగం చింపిన బిల్లు. వాళ్ళ అమ్మ పోలికే, కోపంతో సహా. చుట్టూ చూసింది. గోడ మీది తేదీ చూసింది. చివరికి తండ్రిని చూసింది.

"అయితే మీరేనా?" అంది.

మామకి ఆ 'మీరు' కొత్త. "నేనేనమ్మా, నాన్నని" అన్నాడు.

"ఏటా ఈ వారంలో నాకొక గంట పోతుంది. ఎక్కడుంటే అక్కడ పడిపోతాను, లేచాక ఏమీ గుర్తుండదు. డాక్టర్లు మూర్ఛ అన్నారు. అత్తయ్య ఎన్ని మాత్రలు మింగించిందో! మీకెలా తెలుస్తుందిలెండి."

మామ అధికారిణి వైపు తిరిగాడు. ఆమె తల ఊపింది. "వయసు సరిగ్గా రాస్తే మనిషే వచ్చి వెళ్తుంది. తప్పు రాస్తే అక్కడి మనిషికి ఆ గంట ఉండదు. ఫారం వెనక రాసే ఉంది కదండీ."

ఫారం వెనక ఎవడు చదువుతాడు?

"నిరుడు ఆ గంట పరీక్ష హాల్లో పోయింది. తెలివొచ్చేసరికి పేపర్లు లాగేసుకుంటున్నారు. నర్సింగ్ సీటు పోయింది. ఇప్పుడు బిల్లులు కొడుతున్నాను." ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మామకి కొంత సులువుగా ఉండేది.

"నాకు తెలీదమ్మా. ఒట్టు. ఇక నుంచి సరిగ్గా రాస్తాను."

"సరిగ్గా రాసినా ఒక గంట పోయేదే కదా. నా గంటలు నాక్కావాలి. నన్ను పిలవకండి."

అధికారిణి ఎర్ర పెన్ను, స్కేలు ముందుకు జరిపింది. "పేరు కొట్టేస్తే మళ్ళీ రాయడానికి వీల్లేదు. ఆధారపడినవాళ్ళు లేనివాడికి కంపెనీ టిక్కెట్టూ లేదు, ఒప్పందం తీరేదాకా సెలవూ లేదు. ఆలోచించుకోండి."

ఒప్పందం ఇంకా ఏడేళ్ళుంది. ఆలోచిస్తే చెయ్యలేడని మామకి తెలుసు. పన్నెండేళ్ళలో కూతురు 'నాక్కావాలి' అని అడిగింది ఇదొక్కటే. స్కేలు ఆనించి గీత మొదలుపెట్టాడు. ఆవిరికి కమిలి, ముడుచుకుపోయిన వేళ్ళ కింద స్కేలు నిలవక జారుతోంది. గట్టిగా అదిమి పట్టి, వంకర పోకుండా, దుప్పటి మడత తీర్చినంత శ్రద్ధగా గీశాడు.

అమ్మాయి ఆ చేతినే చూస్తోంది. ముందుకు వంగింది.

"నాన్నా, ఆ వేళ్ళకేమైంది?"

గీత అప్పటికే చివరి అక్షరం దాటింది.

"ఏం లేదమ్మా" అన్నాడు మామ, తలెత్తి. "మొదటి ఏడాదే, యంత్రంలో పడి..."

ఖాళీ కుర్చీకే చెప్పాల్సినదంతా చెప్పాడు. అధికారిణి మధ్యలో అడ్డుపడలేదు. అతను ఆగాక ఫారం తన వైపు తిప్పుకుని ముద్ర వేసింది.