సుందరయ్య బార్బెరా

తెనాలి స్టేషన్ ఎదుట తోపుడు బండి మీద జానీ బాషా ద్రాక్ష అమ్మడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది గాని, ద్రాక్షల్లోనూ రకానికో పేరుంటుందన్న సంగతి అతనికి తెలిసింది మాత్రం 2004 మార్చిలో ఒక మంగళవారం పొద్దున.

చెప్పింది పూర్ణచంద్రరావు మాస్టారు. బాపట్లలో ముప్ఫయ్యేళ్లపాటు పండ్లతోటల మీద పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పాఠాలింకా మిగిలే ఉన్నాయి, వినేవాళ్లే లేరు. ఆ రోజు రేపల్లె వెళ్లడానికి తెనాలిలో దిగి, అర కిలో తూయించుకుని, ఒక కాయ నోట్లో వేసుకున్నారు.

"థామ్సన్ సీడ్‌లెస్ కదయ్యా ఇది?"

"సీడ్‌లెస్ వరకు నిజమేనండి. టామ్సన్ గారెవరో నాకు తెలీదండి," అన్నాడు బాషా.

అంతే, మాస్టారికి పూనకం వచ్చింది. ఇటలీ దేశంలో కొండకో ద్రాక్ష, లోయకో ద్రాక్ష అన్నారు. ఉత్తరాన పీడ్‌మాంట్ సీమలో నెబ్బియోలో అనేది మహారాజైతే, బార్బెరా అక్కడి మామూలు జనం మెచ్చేదన్నారు. టస్కనీ మిట్టల మీద సాంజొవేసె అన్నారు. నక్కతోక అనే అర్థం వచ్చే పేరున్న ద్రాక్ష కూడా ఉందన్నారు. ఆయన ఎక్కాల్సిన రేపల్లె బండి ఈలోగా వెళ్లిపోయింది. ఇన్ని చెప్పిన మనిషి, ఆ కాయలన్నీ వైను చేయడానికే పండిస్తారన్న ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు. అది అందరికీ తెలిసిందే అనుకున్నారు కాబోలు.

బాషాకి మోసం చేద్దామన్న ఆలోచన లేదు. పేర్లు నోటికి బాగున్నాయి, అంతే. మర్నాడు ఉన్న ఒక్క సరుకునే మూడు కుప్పలు పోసి, "రండమ్మా రండి! నెబ్బియోలో! సాంజొవేసె! తియ్యటి బార్బెరా!" అని కేక పెట్టాడు. స్టేషన్లోంచి వస్తున్న జనం ఆగిపోయారు.

గంగానమ్మపేట కాంతమ్మ మూడు కుప్పల్లోంచీ తలో కాయ తిని చూసింది. "బార్బెరా కాస్త పులుపు. నెబ్బియోలో మరీ తీపి. నాకు సాంజొవేసె ఇవ్వు నాయనా," అంది. నాలుగు రోజులకు మళ్లీ వచ్చి, సాంజొవేసె తింటుంటే మోకాళ్ల నొప్పి తగ్గిందని చెప్పింది. ఒకసారి బాషా ఈ కుప్పలోంచి రాలిన కాయలు ఆ కుప్పలో వేయబోతే, "కలిపేస్తావేంటి! రుచి చెడదూ?" అని చెయ్యి పట్టుకుంది. ఆ రాత్రి బాషా నిజం చెప్పేద్దామా అనుకున్నాడు. పొద్దున్నే బండి దగ్గర బారులు తీరిన జనాన్ని చూసి మళ్లీ అవే కేకలు పెట్టాడు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం నాగశివ అనే కుర్రాడు బండి ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. రేపల్లె అవతల సముద్రం మీద వేటకు పోయే వాళ్ల బిడ్డ. పెద్ద ఓడలో వంటవాడిగా చేస్తూ సెలవు మీద ఇంటికి పోతున్నాడు.

"బార్బెరానా! అన్నా, ఇటలీలో జెనోవా రేవులో ఓడ ఆగినప్పుడల్లా ఇదే తాగేవాళ్లం!"

"తాగడమేంటి తమ్ముడూ?"

"అదేంటన్నా, నువ్వు చెప్పేవన్నీ మందు పేర్లేగా!" అని పకపకా నవ్వి, నాగశివ రేపల్లె బండెక్కి వెళ్లిపోయాడు.

పక్క బడ్డీ దగ్గర టీ తాగుతున్న రైసుమిల్లు గుమస్తా సుందరయ్య ఆ మాట విన్నాడు. గ్లాసు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, బాషా చెవిలో, "కిలో బార్బెరా కట్టు. ప్రాణం పోయినా ఎవరికీ చెప్పను," అన్నాడు.

అక్కడే నిలబడి అర కిలో తిన్నాడు, ఒక్కో కాయా కళ్లు మూసుకుని. పావు కిలో దాటాక నాలుక మడత పడింది. అర కిలో అయ్యేసరికి ఆటో స్టాండులో ఒక్కో ఆటో దగ్గరికీ వెళ్లి చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుని, మిగతా పొట్లం చంకలో పెట్టుకుని, పాడుకుంటూ ఇంటికి పోయాడు.

ఆ కబురు బాషా కంటే ముందు బాషా ఇంటికి చేరింది. భార్య మీరాబీ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది. "మందు అమ్ముతున్నారంటగా? ఐదు పూటలా నమాజు చేసే మనిషి! ఆ కాయలు పిల్లలక్కూడా పెట్టాను నేను. తౌబా, తౌబా!"

మర్నాడు కుప్పలున్న తోపుడు బండిని పక్క టీ బడ్డీవాడికి అప్పగించి, తొలి రైలుకు బాషా బాపట్ల పోయాడు. మాస్టారు వసారాలో పేపరు చదువుతున్నారు.

"మీరు నాకు నేర్పింది మందు పేర్లా మాస్టారూ?"

"అవి వైను ద్రాక్షలయ్యా. అయినా నీకేంటి భయం? నువ్వమ్మేది థామ్సనేగా?"

బాషా తల వంచుకున్నాడు. మాస్టారికి విషయం అర్థమై తుండు భుజాన వేసుకుని అతనితో బయల్దేరారు. తిరుగు రైల్లో బాషా తనలో తాను తెగ మథనపడ్డాడు. మందు అమ్మలేదని తేలాలంటే మోసం చేశానని ఒప్పుకోవాలి. చివరికి మోసగాడినని ఒప్పుకోవడమే నయమనుకున్నాడు, కనీసం అది నిజం కాబట్టి.

బండి దగ్గర జనం పోగై ఉన్నారు. మీరాబీ ఉంది, కాంతమ్మ ఉంది. పొద్దున్నే మిగతా అర కిలో కూడా పట్టించిన సుందరయ్య బండి చక్రానికి ఆనుకుని గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఆయన భార్య బసవమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఆ మూడు రకాలూ నల్లగా ఉంటాయి. బండి మీదున్నవి పచ్చగా ఉన్నాయి."

అందరూ కుప్పలకేసి చూశారు. ఇన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

"అన్నీ ఒకటే కాయలండి. పేర్లే వేరు పెట్టాను. తప్పయిపోయింది," అన్నాడు బాషా. అన్నాక వొళ్లు తేలికైంది.

కాంతమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "మరి నా మోకాళ్లు ఎలా తగ్గాయంట? మాస్టారూ, ఇంత చెబుతున్నారు, మీరెప్పుడైనా తిన్నారా సాంజొవేసె?"

మాస్టారు తుండుతో మొహం తుడుచుకున్నారు. "లేదమ్మా. ఇటలీ కూడా చూళ్లేదు. పుస్తకంలో చదివాను."

"అదీ సంగతి!" అని కాంతమ్మ మధ్య కుప్పలోంచి అర కిలో తూయించుకుంది.

అప్పుడు బసవమ్మ మొగుడికేసి చూసి, అందర్నీ దగ్గరకు రమ్మని సైగ చేసింది. "ఈయన బ్రాందీ తాగొస్తే గిన్నెలు విసురుతాడు. నిన్న నాకు రెండు పాటలు పాడి, కాళ్లు కడుక్కుని పడుకున్నాడు. అవి ఉత్త కాయలని ఎవరన్నా ఈయనకి చెప్పారో, ఊరుకోను. బాషా, రోజూ అర కిలో బార్బెరా నా మొగుడికి."

"మళ్లీ అబద్ధమా అక్కా!" అని బాషా బెంబేలెత్తిపోయాడు.

"'బార్బెరా' అని పిలువు. 'ఇది బార్బెరా' అని మాత్రం అనకు," అని మాస్టారు తీర్పు చెప్పారు. "కుక్కని రాజా అంటే దానికి రాజ్యమున్నట్టా?"

మీరాబీ, సుందరయ్య ఒక్కడికే అయితే సరేనంది.

జనం చెదిరిపోయాక మాస్టారు మాత్రం బండి దగ్గరే తచ్చాడారు. "నాక్కూడా ఒక పావు కిలో కట్టవయ్యా."

"థామ్సనేగా మాస్టారూ?"

ఆయన అటూ ఇటూ చూశారు. "నెబ్బియోలో," అన్నారు గొంతు తగ్గించి.

బాషా ఎడమ కుప్పలోంచి మంచి గుత్తి ఏరి పొట్లం కట్టాడు. మాస్టారు ఒక కాయ నోట్లో వేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు.

"ఎలా ఉందండి?"

"పుస్తకంలో రాసినట్టే ఉందయ్యా," అన్నారు మాస్టారు.