ఫ్లెక్సీ మీది చేతులు

పొద్దుటి షిఫ్టు బస్సు కోసం వచ్చినవాళ్లు ముందుగా చూశారు. ఊరి మలుపులో రాత్రికి రాత్రే పెద్ద ఫ్లెక్సీ లేచింది. "కంపెనీ విస్తరణకు ఏకగ్రీవంగా మద్దతు తెలిపిన గ్రామ ప్రజలకు కృతజ్ఞతలు" అని రాసి ఉంది. కింద ఫోటో నిండా ఎత్తిన చేతులు. అన్ని చేతుల మధ్య ముఖం కనిపించేది ఒక్కరిదే. అదే కంపెనీలో బాయిలర్ మీద పనిచేసే ఏలీయాది.

"మద్దతా? ఎవడిచ్చిండ్రా మద్దతు?" నర్సింహ అరిచాడు. ఉన్న రెండెకరాలూ ఎండిపోయి, అదే కంపెనీలో లోడింగ్ పనికి పోతున్న రైతు అతను. "మొన్న ఫంక్షన్ హాల్ల మనం వద్దని లేపిన చేతులు కదా గివి!"

అవును, వద్దని ఎత్తిన చేతులే. మిత్రులారా, మోసం ఇంత తేలిక. గడ్డపోతారం ఫ్యాక్టరీల వెనక ఉన్న మా ఊళ్లో తాగడానికి పనికొచ్చే బోరు ఒక్కటే మిగిలింది. మిగతా బోర్ల నీళ్లు పడితే బకెట్టు లోపల పసుపు చారలు తేలతాయి. ఆ ఒక్క మంచి బోరు పక్కనే కొత్త ప్లాంటు కడతామని మందుల కంపెనీ సభ పెట్టింది. మేనేజరు త్రినాథరావు నవ్వుతూ, "వద్దనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. హాలంతా చేతులెత్తింది. ఎత్తిన చెయ్యి ఔనందో కాదందో ఫోటో చెప్పదు కదా. అడిగినవాడికి ఆ సంగతి ముందే తెలుసు, మాకు తెలియలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారంలోనే ఏలీయాను బాయిలర్ దగ్గరి నుంచి తీసి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక ఊరికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"కుర్సీ కోసం ఊరిని అమ్మిండు," అన్నాడు నర్సింహ. "లేకుంటే ఫోటోల ముందుకెందుకు నిలబడ్డడు?"

"మంచిగ మాట్లాడుతడని నువ్వే కదనే ముందుకు నూకినవ్!" అన్నాను నేను. నా మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఏలీయా మంచివాడని అతనుండే చర్చి గల్లీ అంది, ద్రోహి అని ఊరు అంది. బోరు దగ్గర బిందెలకు కూడా రెండు లైన్లు పడ్డాయి. ప్లాంటు వద్దని పెట్టుకున్న పోరాట కమిటీ మీటింగుకు నలుగురే వచ్చి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా వెళ్లిపోయారు. అవతల ప్లాంటుకు అనుమతి ఇవ్వాలా వద్దా అని అధికారులు ఊరిని అడిగే అసలు విచారణ దగ్గరకొస్తోంది. నంబరు లేని జీపొకటి గల్లీల్లో మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. దాంట్లోంచి ఎప్పుడూ ఎవరూ దిగేవారు కాదు. మబ్బు పట్టినప్పుడల్లా గ్యాసు వాసన ఇళ్లలోకి వచ్చి, తినే అన్నంలో కూడా తగిలేది. పిట్టపోరు పిల్లి తీర్చినట్టయింది మా పని.

ఒకరోజు ఏలీయా భార్య జయశీల బిందెతో బోరు దగ్గరికి వచ్చింది. ఆడవాళ్లు పక్కకు జరిగారు. ఆమె బిందెను టప్పున కింద పెట్టింది.

"మా ఆయన దగ్గుడు మీకెవ్వలికి ఇనస్తలేదా? పొగకు ఊపిరాడ్తలేదు, గేటు పనియ్యుండ్రి సారూ అని యాడాది సంది కాళ్లు మొక్కిండు. ఇయ్యలె. గిప్పుడే ఎందుకిచ్చిన్రు? నేనొస్తే మీరు గిట్ల పక్కకు జరగాల్నని ఇచ్చిన్రు!"

అక్కడే ఉన్న ఇందిరమ్మ అంతా విన్నది. నర్సింహకు మేనత్త ఆమె. ఆ ముసలామె నోటికి జడిసి సర్పంచులే పక్క దారి పట్టేవారు. ఆ రోజు మాత్రం ఏమీ అనకుండా మలుపు దాకా నడిచింది. వెనకే మేమందరం. ఫ్లెక్సీ కింద నిలబడి, కళ్లు చికిలించి, చేతికర్రతో ఫోటోలోని ఒక చేతిని పొడిచింది. ఆ చేతికి తేలు పచ్చబొట్టు ఉంది.

"అరేయ్ నర్సిగా, గిది ఎవల చెయ్యిరా?"

నర్సింహ దగ్గరికొచ్చి చూశాడు. "నీదే అత్తా."

"మరి నన్ను గుడ కొన్నర్రా కంపెనోళ్లు? నాకే కుర్సీ ఇచ్చిన్రో సూపియ్యి!"

ఒక్కొక్కరే ముందుకొచ్చి ఫోటోలో తమ చేతులు వెతుక్కోసాగారు. మిషన్లో తెగిన వేలును చూసి ఐలన్న "గిది నాది" అన్నాడు. గాజులు చూసి ఇంకొకామె. నర్సింహ చెయ్యి ఏలీయా తల పక్కనే ఉంది. అతని పగిలిన అద్దం వాచీని అందరం గుర్తుపట్టాం.

నర్సింహ అటు నుంచి అటే చర్చి గల్లీకి నడిచి, గడప బయట నిలబడ్డాడు. "ఏలీయన్నా, తప్పయింది."

దగ్గు ఆగేదాకా ఏలీయా మాట్లాడలేకపోయాడు. "లోపటికి రా తమ్మీ. చాయ్ తాగుకుంట మాట్లాడుదాం. ఇగ టైం లేదు."

ఆ సాయంత్రం చర్చి ఆవరణలో ఊరంతా కూర్చుంది. తీర్మానం ఒక్కటే. ఎవరూ చెయ్యెత్తొద్దు. ఎవరి పేరు వాళ్లు చెప్పి, ఎవరి నోటితో వాళ్లు వద్దనాలి.

విచారణ రోజు మబ్బు పట్టింది. టెంటు చుట్టూ ఎటు చూసినా పోలీసులే కనిపించారు. మూడు వ్యాన్లు, వాటి వెనక ఆ నంబరు లేని జీపు. త్రినాథరావు పక్కన, ఫంక్షన్ హాల్లో ఆ ఫోటో తీసిన కెమెరా మనిషి.

"అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తండి," అన్నాడు అధికారి.

ఒక్క చెయ్యీ లేవలేదు. త్రినాథరావు ముఖంలో నవ్వు వాడిపోయింది. ఏలీయా చేతులు కట్టుకుని లేచాడు.

"నా పేరు ఏలీయా. బాయిలర్ మీద పని చేసిన. ప్లాంటు వద్దు."

"జయశీల. వద్దు."

"నర్సింహ. వద్దు."

మైకు కట్ చేశారు. "ఐలయ్య, వద్దు!" అని ఐలన్న గొంతెత్తి అరిచాడు. వరుస ఆగలేదు. ఊరి పేర్లన్నీ ఆ టెంటులో మోగాయి.

ఇన్‌స్పెక్టర్ లాఠీతో టేబుల్ మీద కొట్టాడు. "ఎవడ్రా ఇదంతా నేర్పింది? లీడరెవడు? చెయ్యెత్తు!"

ఏలీయా దగ్గుతూనే చెయ్యెత్తాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు రెక్క పట్టి అతన్ని వ్యాను వైపు ఈడ్చారు. నర్సింహ అడ్డం వచ్చి తన చెయ్యెత్తాడు. జయశీల ఎత్తింది. చర్చి గల్లీ ఎత్తింది, ఊరు ఎత్తింది, నేనెత్తాను. ఇన్‌స్పెక్టర్ మూడు వ్యాన్ల వైపు చూశాడు, మా వైపు చూశాడు. ఫ్యాక్టరీ దిక్కు నుంచి గ్యాసు వాసన టెంటులోకి కమ్ముకొచ్చింది. ముక్కు మూసుకోవడానికైనా ఎవరూ చెయ్యి దించలేదు.

ఇందిరమ్మ తేలు పచ్చబొట్టు చెయ్యి పైకెత్తి కెమెరా మనిషి ఎదుటికి పోయి నిలబడింది.

"తియ్యి బిడ్డా ఫోటో. గీసారి మొఖాలు గుడ రావాలె."