బాల్కనీలో కుదిరిన పీట

నేను ఒక చిత్రికను. చెక్కను నున్నగా చేసే పనిముట్టును. తెలియనివాళ్ళు నన్ను తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతారు. ఆ ఉద్యోగమూ చేశాను.

నా ఒళ్ళు తుమ్మచెక్క, చెక్కను గీసే నా నాలుక లారీ పట్టీ ఇనుము. నరసాపురంలో వీరాచారి అనే వడ్రంగి నన్ను తన కోసం చేసుకున్నాడు. ఆయన చేతిలో ఉన్నన్నాళ్ళూ నాకు పని తప్ప వేరే ఆలోచన లేదు. ఆయన పోయాక కొడుకు కరెంటు మిషను కొన్నాడు. అది పెద్దగా అరుస్తుంది, పని జరుగుతున్నట్టు వీధికంతా తెలుస్తుంది. నేను పాతసామాన్ల కొట్టు చేరాను. తలుపు ఉద్యోగం అక్కడే.

అక్కణ్ణుంచి నన్ను కాకినాడ తెచ్చినవాడు నరసింగరావు, టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరయిన మనిషి. రిటైరయ్యాక కొందరు పక్కింటివాళ్ళకు సలహాలిస్తారు. ఈయన వీడియోలు చూసి వడ్రంగం మొదలెట్టాడు. అపార్టుమెంటు బాల్కనీలో బల్ల వేశాడు. గోడకు రంపం, ఉలి, సుత్తి తగిలించి, ఏది ఎక్కడ ఉండాలో మరిచిపోకుండా ఒక్కోదాని చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. నాకు రోజూ నూనె రాసేవాడు. వీరాచారి ఏనాడూ రాసిన పాపాన పోలేదు. నిజం చెప్పొద్దూ, సుఖంగానే ఉండేది.

నన్ను తోసినప్పుడల్లా సన్నటి చెక్కపొర చుట్టలు చుట్టుకుని పైకి వచ్చేది. దాన్ని వెలుతురుకు ఎత్తి చూసుకుని, "ఏమోయ్, ఇది చూడు, ఎంత పల్చగా వచ్చిందో!" అని భార్యను పిలిచేవాడు.

"నిన్నటిదీ ఇలాగే ఉందండీ," అనేది భ్రమరాంబ, వంటింట్లోంచి కదలకుండా.

ఆ ఏడు ఆవిడకు మోకాళ్ళ ఆపరేషనయింది. డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు. ఇంతలో శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ నేల మీద కూర్చుని తన చేత్తో చేసుకుంటున్న పూజ.

"కుర్చీలో కూర్చుని చేసుకోవే. అమ్మవారేం అనుకోదు," అన్నాడు నరసింగరావు.

"అమ్మవారు కిందా, నేను పైనా? బావుంది సంబడం! ఆవిడ అనుకోకపోయినా నేను అనుకుంటాను. ఈ ఏడు మా చెల్లెలు చేస్తుంది లెండి. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తాను."

మామూలుగానే అంది. అటు తిరిగి కొంగుతో కళ్ళొత్తుకోవడం మాత్రం బాల్కనీలో ఉన్న మా ఇద్దరికీ కనబడింది. ఆయన నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

మోకాళ్ళకు నొప్పి రాని ఎత్తు, అమ్మవారిని మించని ఎత్తు. ఆవిడ కూర్చోవడానికి అలాంటి పీట ఒకటి టేకుతో చెయ్యాలని బయల్దేరాడు. పలకను నాతో అద్దంలా చేశాడు. నాలుగు కాళ్ళూ బిగించాడు. బాల్కనీలో పెట్టి కూర్చుంటే పీట రాయిలా నిలబడింది. హాల్లో పెట్టగానే కుంటింది. మళ్ళీ బాల్కనీకి తెచ్చి, ఒక కాలు కోసి, అడుగున నాతో నున్నగా చేసి, మిగతా కాళ్ళు దానికి సరిపెట్టాడు. రాయిలా నిలబడింది. హాల్లో కుంటింది. ఇలా రోజూ జరిగింది. పీట పొట్టిదైపోతోంది, శుక్రవారం దగ్గరకొస్తోంది.

బాల్కనీ నేల వాననీళ్ళు పోయేలా మూల గొట్టం వైపు ఎగుడుదిగుడు వాటంగా వేసింది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయన కాఫీకి వెళ్ళినప్పుడల్లా నేను ఆ నేల మీదే పడి ఉంటాను. చెప్పడానికి నాకు నాలుకైతే ఉంది గానీ మాట లేదు.

గురువారం మధ్యాహ్నం భ్రమరాంబ రంపపు పొట్టు కడుగుదామని బకెట్టు నీళ్ళు కుమ్మరించింది. నీళ్ళన్నీ గిర్రున మూలకు పోయాయి. ఆవిడ నీళ్ళను చూసింది, పీటను చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఏవండీ, మీరు పీటను ఈ వంకర నేలకా సరిచేస్తున్నది?"

నరసింగరావు పీట మీద కూలబడ్డాడు. అది కదలనే లేదు. అప్పటికి దాని ఎత్తు జానెడు.

"ఊరందరి లైన్లూ కలిపాను. నీకో పీట చెయ్యలేకపోయాను. ఇప్పుడు చెక్క కూడా లేదే," అన్నాడు.

"లేవండి ముందు," అని ఆవిడ పీట పట్టుకుని హాల్లోకి వెళ్ళింది. టీపాయి మీద పీట పెట్టింది. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. తల కాస్త ఎత్తి చూసింది.

"ఇదిగో, ఇప్పుడు అమ్మవారే నాకన్నా పైన. ఇన్నాళ్ళూ నన్ను కిందికి దించాలని చూశారు గానీ, ఆవిణ్ణి పైకెక్కిద్దామని ఇద్దరికీ తోచలేదు చూడండి!"

పీట ఎప్పట్లాగే కుంటింది. ఆవిడ బాల్కనీకి వచ్చి, నా పక్కన ఎండలో పడున్న చెక్కపొర ఒకటి తీసుకుని, మడిచి, పొట్టికాలి కింద దోపింది. కుంటడం ఆగిపోయింది.

మర్నాడు భ్రమరాంబ కుర్చీలో కూర్చుని పూజంతా తానే చేసుకుంది. చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడి హారతి పాట అందుకుంది. పేరంటానికి వచ్చినావిడెవరో పీటను మెచ్చుకుని, "అమ్మవారి కోసం కొలిచి చేయించారా?" అని అడిగింది.

"మావారే చేశారు. చాలాసార్లు కొలిచారు," అంది భ్రమరాంబ.

వ్రతం అయ్యాక ఆ చెక్కపొరను పారెయ్యలేదు. పసుపు రాసి, పీటతోపాటే అటక మీద దాచింది. ఏటా శ్రావణంలో రెండూ కలిసి కిందికి దిగుతాయి. నరసాపురంలో నేను నున్నగా చేసిన తలుపులు ఎన్నో ఉన్నాయి, వాటిని అందరూ నెట్టుకుంటూ పోతారు. నేను చీదేసిన ఆ పొర మీద మాత్రం అమ్మవారు కూర్చుంటుంది.