ఎర్తు పిన్నులో కరెంటు

కరీమున్నీసా ఇంట్లో వాషింగ్ మిషను మనుషుల్ని కొట్టడం మొదలుపెట్టి పన్నెండు రోజులైంది. కొట్టడమంటే మరీ విసిరి పారేయడం కాదు. తడి చేత్తో మూత ఎత్తబోతే మోచేతి దాకా చురుక్కుమనేది. మొదటి రోజు చీమ కుట్టిందేమో అనుకుంది. రెండో రోజు చీమ కాదని తెలిసిపోయింది.

కంపెనీ నుంచి వచ్చిన మెకానిక్ వీర్రాజు మిషను చుట్టూ ఒకసారి తిరిగి, మూత ఎత్తి దించి, "పాత మిషన్లకి ఇది మామూలేనండి. రబ్బరు సెప్పులేసుకుని బట్టలేసుకోండి," అని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పుడు మధ్యాహ్నం రెండయింది. అతనున్న పావుగంటలో మిషను ఒక్కసారి కూడా కొట్టలేదు.

కరీమున్నీసా భర్త సిరాజ్‌కి వన్‌టౌన్‌లో టైలరింగ్ షాపు. కత్తెర పడితే గీత తప్పని చేయి గాని, కరెంటంటే అతనికి చిన్నప్పటి నుంచి భయం. ఇరవయ్యేళ్ళ కిందట షాపులో తొక్కుడు మిషన్లకి మోటార్లు బిగించినప్పుడు, అవి చెడినప్పుడల్లా మెకానిక్ పక్కన కూర్చుని చూసి పని నేర్చుకున్నది కరీమున్నీసాయే. ఆ తర్వాత ఇంట్లో మిక్సీ, గ్రైండరు, ఇస్త్రీపెట్టె ఏది మొరాయించినా బయటికి వెళ్ళలేదు. ఆవిడ సామానంతా ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేది: రెండు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయరు, నల్లటేపు, ఒక టెస్టరు.

వీర్రాజు వెళ్ళిన మర్నాడు ఆవిడ ప్లగ్గు పీకి, మిషనుని గోడ నుంచి ముందుకు లాగింది. వెనక రేకుకి ఎనిమిది స్క్రూలు. సముద్రగాలికి అయిదు తుప్పు పట్టి కదల్లేదు. ఒక్కోదాని మీద ఒక్కో బొట్టు కొబ్బరినూనె వేసి, వంట చేసుకుని వచ్చి తిప్పితే వదిలాయి. లోపల ఒక తీగ ఇనుప చట్రానికి ఒరుసుకుని పైతొడుగు అరిగి ఉంది. దొంగ దొరికాడనుకుంది. తీగకి తొడుగేసి, టేపు చుట్టి, రేకు బిగించింది.

తెల్లారి ఆరున్నరకి మళ్ళీ చురుక్కుమంది.

ఈసారి ప్లగ్గూ తీగా రెండూ మార్చింది. అయినా కొట్టింది. ఇక మోటారు మీదే అనుమానం పడింది. దాని కనెక్షను ఊడదీసి పక్కన పెట్టేసింది. ఇప్పుడా మిషను ఉత్త రేకు డబ్బా. మర్నాడు పొద్దున్న రబ్బరు చెప్పులేసుకుని, పొడి పీట మీద నిలబడి, టెస్టరు మొన మిషను ఒంటికి ఆనించి, వెనక బిళ్ళ మీద వేలు పెట్టింది. ఎర్రగా వెలిగింది.

"ఇంక ఒగ్గీ," అన్నాడు సిరాజ్ వంటగది గుమ్మం బయటే నిలబడి. "కొత్తది కొనేద్దాం. రేపు ఏదైనా అయితే నానేటి సేసేది?"

కరీమున్నీసా గోడ మీది స్విచ్చి వైపు చూస్తోంది. అది ఆపేసి ఉంది. రాత్రి నుంచీ ఆపేసే ఉంది. స్విచ్చి ఆపినా మిషను ఒంట్లో కరెంటుంది.

ప్లగ్గు పీకింది. టెస్టరు ఆరిపోయింది. మళ్ళీ పెట్టింది. వెలిగింది. స్విచ్చి వెయ్యనే లేదు. అలా నాలుగైదు సార్లు పీకి పెట్టి, ఆఖరికి ప్లగ్గు పూర్తిగా తీసేసి, గోడ మీది సాకెట్టులో మూడు రంధ్రాల వంక చూసింది. కింద రెండు చిన్నవి, పైన ఒకటి పెద్దది. పెద్దది ఎర్తుది. ఎక్కడైనా కరెంటు కారితే దాన్ని భూమిలోకి పంపేసే దారి అది. ఆ దారిలో టెస్టరు మొన పెట్టింది.

ధగధగా వెలిగింది.

"ఏటయింది?" అన్నాడు సిరాజ్.

"మిషనుది తప్పు కాదు," అంది. "కరెంటు మనింట్లోది కాదు. బయట్నించి వస్తంది."

ఫ్రిజ్జు తలుపు పిడి మీద పెట్టి చూసింది. అక్కడా వెలిగింది, కాకపోతే ఆ పిడికి ప్లాస్టిక్ తొడుగుంది కాబట్టి ఇన్నాళ్ళూ తెలియలేదు. ఏడుంబావుకి చూస్తే ఏమీ లేదు. సాకెట్టు, మిషను, ఫ్రిజ్జు అన్నీ చల్లగా ఉన్నాయి. మధ్యాహ్నం లేదు. రాత్రి లేదు. మర్నాడు ఆరున్నరకి మళ్ళీ వచ్చింది. అప్పుడే కింది పోర్షను బాత్రూంలో నీళ్ళ చప్పుడు గొట్టం వెంట పైకి వినబడుతోంది.

కింది పోర్షనులో ఉండేది తిరుమలరావు, అతని భార్య హిమబిందు. టెక్కలి వైపు పల్లెటూరి వ్యవసాయ కుటుంబం. అతను హార్బరులో క్రేను నడుపుతాడు. పెళ్ళయి మూడేళ్ళు, ఈ ఇంట్లో దిగి ఏడాదిన్నర. కరీమున్నీసా మెట్లు దిగి వెళ్ళేసరికి అతను డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నాడు.

"బాబూ, మీ గీజరు ఒకసారి సూడాలి," అంది ఆవిడ. "అందులో కరెంటు కారతన్నట్టుంది. అది నా మిషనులోకి వస్తంది."

తిరుమలరావు లేసు ముడి వేయడం ఆపి తలెత్తాడు. "మా గీజరులోది మీ మిషనులోకా? అదెలగ పిన్నిగారూ? మధ్యలో సిమెంటు కప్పుంది కదా."

"ఇల్లంతటికీ ఎర్తు తీగ ఒకటే. అది భూమిలోకి పోకపోతే..."

"మా గీజరు కొని రెండేళ్ళు కాలేదు. ఎప్పుడూ ఎవల్నీ కొట్నేదు. మీ మిషను పన్నెండేళ్ళదని మీరే సెప్పారు." కోపంగా అనలేదు, లెక్క తేల్చినట్టు అన్నాడు. "ముందు దాన్ని బాగు సేయించండి. టైమైపోతంది నాకు."

హిమబిందు వంటగది గుమ్మంలో నిలబడి ఇద్దరి మాటలూ వింది.

పదకొండు గంటలకి ఆమే పైకి వచ్చింది. వచ్చి కూడా చాలాసేపు కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, "పిన్నీ, కరెంటు కొడితే ఎలగుంటాది?" అని అడిగింది.

"నువ్వెప్పుడూ షాకు తినలేదేటి?"

"తెలీదు. అందుకే అడగతన్నాను."

కరీమున్నీసా కుట్టు పని పక్కన పెట్టింది. "సన్నగా ఉంటే తిమ్మిరెక్కినట్టుంటాది. సీమలు పాకినట్టు. ఎక్కువైతే లాగీసినట్టుంటాది."

హిమబిందు తన కుడి చేతిని ముందుకి చాపి, వేరే ఎవరి చేతినో చూస్తున్నట్టు చూసింది. నాలుగు నెలలుగా ఆ చేతికి తిమ్మిర్లు. పొద్దున్న స్నానం చేస్తుంటే మొదలవుతాయి, భుజం దాకా పాకుతాయి. డాక్టరుకి చూపించారు. తిమ్మిర్లంటే నరాల బలహీనత కావచ్చని మాత్రలు రాశాడు. స్నానాల గదిలోనే వస్తాయని ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. మాత్రలు అయిపోకుండా తిరుమలరావే తెస్తున్నాడు. అత్తగారు ఫోనులో, "మా కాలంలో ఇలాటి రోగాలు నేవు. పని సేస్తే నరాలు అయ్యే గట్టిపడతాయి," అంటుంది. హిమబిందు అన్నీ చెప్పి, "మా ఆయనకి రావేటని నన్నే అనుమానంగా సూత్తారు పిన్నీ. ఆయనకేమో సన్నీళ్ళ స్నానం. సిన్నప్పుడు బోరు కింద అలవాటు. గీజరు కుళాయి తిప్పేది నానొక్కదాన్నే," అంది.

కరీమున్నీసా లేచి టెస్టరు అందుకుంది.

"నువ్వు కిందకెల్లు. ఫోను సెవి దగ్గరెట్టుకో. గీజరు స్విచ్చి నాను సెప్పినప్పుడు వేసి, సెప్పినప్పుడు ఆపు. కుళాయి మాత్రం ముట్టుకోకు. సేతులు తుడుసుకుని, సెప్పులేసుకుని వెయ్యి."

హిమబిందు దిగి వెళ్ళింది. ఫోను మోగింది. కరీమున్నీసా సాకెట్టు పెద్ద రంధ్రంలో టెస్టరు పెట్టి పట్టుకుంది. చీకటిగానే ఉంది.

"వెయ్యి."

వెలిగింది.

"ఆపు."

ఆరిపోయింది.

"మళ్ళీ వెయ్యి."

వెలిగింది. ఏడుసార్లు వేయించింది, ఏడుసార్లూ అంతే. ఆఖరిసారి ఆపమంది. ఫోనులో హిమబిందు గొంతు, "అంటే నాకు రోగం నేదా పిన్నీ?" అంది.

"అది డాక్టరు సెప్పాలి. గీజరుకి మాత్రం ఉంది," అంది కరీమున్నీసా.

ఆ సాయంత్రం తిరుమలరావు డ్యూటీ దిగి వచ్చాక భార్య ఏం చెప్పిందో పై పోర్షనులోకి వినబడలేదు. అరగంటకి అతనే మెట్లెక్కి వచ్చాడు. ఒకసారి తన కళ్ళతో చూడాలన్నాడు. కరీమున్నీసా టెస్టరు తీసుకుని కిందికి దిగింది. బాత్రూంలో గీజరు వేసి, అతను కుళాయి మీద చెయ్యి వేయబోతే మణికట్టు పట్టుకుని ఆపింది. టెస్టరు చేతికిచ్చింది. గీజరు నుంచి కుళాయికి దిగే ఇనుప అల్లిక గొట్టం మీద అతను మొన ఆనించాడు. ఎర్రటి వెలుగు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు, తీయడం మరిచిపోయినట్టు.

అరవై టన్నుల క్రేను ఎక్కే ముందు రోజూ ఎర్తు సరిచూసి సంతకం పెట్టే మనిషి అతను. ఆ మాట అతనే అన్నాడు.

"అక్కడ రోజూ సూత్తాను పిన్నిగారూ. ఇంట్లో సూడాలని తట్నేదు." టెస్టరు కిందికి దించి, "నాలుగు నెల్లు మాత్రలు మింగించీసాను దానిసేత," అన్నాడు. హిమబిందు హాల్లో బట్టలు మడత పెడుతోంది. అటువైపు చూడకుండానే అన్నాడు. ఆమె మడత పెట్టడం ఆపలేదు.

మర్నాడు ఇంటి మెయిను ఆపేసి గీజరు దించారు. నీళ్ళు వంపేసి అడుగు మూత విప్పితే, లోపల నీళ్ళు కాచే రాడ్డు సున్నం పట్టి బొమికలా తెల్లగా ఉంది. ఒక చోట నిలువునా చీలింది. ఆ చీలికలోంచే కరెంటు నీళ్ళలోకీ, తొట్టె ఒంటికీ పాకింది; నాలుగు నెలలుగా సన్నగా, చీలిక పెరిగాక పైఇంటి దాకా. కొత్త రాడ్డు, కొత్త రబ్బరు వాషరు తిరుమలరావు తెచ్చాడు. బిగించింది మాత్రం హిమబిందు. కరీమున్నీసా పక్కన పీటేసుకుని, ఏ బోల్టు తర్వాత ఏ బోల్టు తిప్పాలో చెప్పింది. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోకూడదు, ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాలి, లేకపోతే వాషరు వంకరగా కూర్చుని నీళ్ళు కారతాయి. హిమబిందు కుడి చేత్తో మొదలుపెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు స్పానరు ఎడమ చేతిలోకి మార్చుకుంది.

రాడ్డు మారినంత మాత్రాన పని అయిపోలేదు. కరెంటు కారినా భూమిలోకి పోవాల్సింది. ఎందుకు పోలేదన్నది అసలు సంగతి. ఆదివారం పొద్దున్న తిరుమలరావు మెట్ల వెనక ఉన్న సిమెంటు పలకని గునపంతో లేపాడు. గోడ వెంట దిగిన ఇనుప బద్ద నేల తగిలే చోట తుప్పు తిని అప్పటికే తెగిపోయి ఉంది. కొస చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరిగింది. పైముక్క గాల్లో, కిందిముక్క మట్టిలో. మధ్యలో నాలుగు వేళ్ళ ఖాళీ. రెండు పోర్షన్ల ఎర్తూ ఆ ఖాళీ దగ్గర ఆగిపోయి, దిక్కులేక ఒకరింట్లోంచి ఒకరింట్లోకి తిరుగుతోంది.

ఇంటి ఓనరు దేవీప్రసాద్ మద్దిలపాలెంలో ఉంటాడు. ఫోను చేస్తే ఎలక్ట్రీషియనుని పంపిస్తాన్లెమ్మన్నాడు. తిరుమలరావు విరిగిన బద్ద ఫోటో తీసి పంపించాడు. గంటలో ఓనరు ఎలక్ట్రీషియనుతో సహా తనే వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని గుంటలోకి వంగి చూశాడు. సాయంత్రానికల్లా బొగ్గు, ఉప్పు పోసి కొత్త రాగి బద్ద దింపారు. లీకేజీ వస్తే వాటంతటవే పడిపోయే బ్రేకర్లు కూడా పెట్టిస్తానని ఓనరు ఒప్పుకున్నాడు. కరీమున్నీసా మిషను మోటారు కనెక్షను తిరిగి ఇచ్చి బట్టలేసింది. సిరాజ్ రెండు రోజుల దాకా ఆ మూత ముట్టుకోలేదు.

హిమబిందుని డాక్టరు మళ్ళీ చూశాడు. ఈసారి స్నానాల గది సంగతి మొత్తం చెప్పింది. గుండె పరీక్ష కూడా చేయించి, ఏ ఇబ్బందీ లేదన్నాక మాత్రలు ఆపేశాడు. తిమ్మిర్లు మళ్ళీ రాలేదు. అయినా కుళాయి ఎడమచేత్తోనే తిప్పుతోందని, ముందు ఒక వేలు తగిలించి చూసుకుంటోందని తిరుమలరావు ఒకరోజు మెట్ల మీద చెప్పాడు. అత్తగారికి ఈ విషయం అతనే ఫోను చేసి చెప్పాడట.

దేవీప్రసాద్ ఆ ఆదివారం వెళ్ళబోతూ స్కూటరు దగ్గర ఆగినప్పుడు, కరీమున్నీసా ఒక మాట అడిగింది.

"ఈ ఇల్లు కట్టిన మేస్త్రీ మీకింకా ఏమైనా కట్టాడా?"

ఆయన పెట్టుకోబోతున్న హెల్మెట్ దించాడు. "రెండున్నాయమ్మా," అన్నాడు. "అదే సంవత్సరం."

"వాటికీ ఈ బద్దలేనా?"

"ఇవే అయ్యుంటాయి." హెల్మెట్ స్కూటరు మీద పెట్టాడు. "మీరోసారి వచ్చి సూత్తారా? ఎలక్ట్రీషియను వస్తాడనుకోండి. గానీ ఇళ్ళల్లో ఆడోళ్ళని అడిగి తెలుసుకోవాలి కదా."

శుక్రవారం పొద్దున్న ఆరింటికే కరీమున్నీసా, హిమబిందు మద్దిలపాలెం బస్సెక్కారు. అందరూ స్నానాలు చేసే వేళకి చేరాలని కరీమున్నీసాయే ఆ టైము పెట్టింది. దిగాక దేవీప్రసాద్ చెప్పిన సందులో మొదటి ఇంటి తలుపు తట్టారు. తల తడిగా ఉన్న ఒక ముసలావిడ తలుపు తీసి, మీరెవరన్నట్టు చూసింది.

కరీమున్నీసా చెప్పబోయే లోపలే హిమబిందు ముందుకి జరిగింది.

"ఓనరుగారు పంపించారు మామ్మా," అంది. "ఇంట్లో ఎవరికైనా సేతులు తిమ్మిరెక్కతన్నాయేటి?"

ముసలావిడ తలుపు పూర్తిగా తెరిచి, "లోపలికి రండమ్మా," అంది. "మా కోడలు అదే అంటంది. ఇప్పుడు స్నానం సేత్తంది, పిలుత్తాను."